నాగటిచాలులో అహింస

విషము చల్లుట మానిన రైతునకు ఒకవిధమైన మనశ్శాంతి కలుగును. అది న్యాయమైనదే. అతని చేనిలో వాలిన పక్షి గిలగిల కొట్టుకొని చావదు. అతని కాలువనీరు త్రాగిన పశువునకు అపాయము లేదు. అతని కూరగాయలు కొన్న యింటి పసిబిడ్డల దేహములలో మందు చేరదు. ఇంతవరకు ఎవరికిని సందేహముండదు. కాని ఆ రైతే మరియొక మెట్టు పైకెక్కి “నా సేద్యము అహింసాసేద్యము” అని పలికినచో, మన ప్రాచీనగ్రంథములు అతనిని నిలిపి ప్రశ్నించును. ఆ గ్రంథములకు సేద్యముపై చిన్నచూపు లేదు. అన్నమును నిందింపరాదనియు, అన్నమును సమృద్ధిగా పండింపవలెననియు తైత్తిరీయోపనిషత్తు వ్రతములుగానే విధించినది. కృషీవలునకు ఇంతకుమించిన గౌరవ మేమి కావలెను? అయినను నాగలి పట్టిన చేతికి జీవహింస అంటదని మాత్రము పూర్వులు చెప్పలేదు. అంటునని స్పష్టముగా చెప్పిరి.

ఇట్లు ఒకవైపు వ్రతము, మరియొకవైపు హింస, నడుమ రైతు. ఈ చిక్కును గ్రంథములలో కంటె పొలములో చూచుట సులభము. అందును వసంతకాలమున, పాత పంట ముగిసి కొత్త పంట మొదలగు ఆ రెండు నెలలలో చూచుట మరింత సులభము.

జంషెడ్‌పూరు పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది ఉక్కు. 1907లో కంపెనీ యేర్పడి, సాక్చీ యను పల్లెకడ కర్మాగారము లేచి, 1912లో మొదటి ఉక్కు వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టబడినది. ఉత్తరాంధ్రమునుండి కూలికై, కొలువుకై అచటికి తరలిపోయిన కుటుంబములు వేలకొలది. వారి మనుమలు, మునిమనుమలు నేటికిని బిష్టుపూరులోని శ్రీరామమందిరమున నవమినాడు పానకము పంచుకొనుచున్నారు. కాని ఈ వ్యాసమునకు కావలసినది ఆ కొలుముల వెలుగు సోకని నేల. సువర్ణరేఖను దాటి దల్మాకొండల వైపునకో, ఖర్‌కాయినది వెంట ఎగువకో పోయినచో నేల ఎఱ్ఱబారును. పుల్లని నేల అది. ఎరువు లేనిదే ఏమియు నీయదు. సంతాలులు, హో జాతివారు, ముండాలు, భూమిజులు ఆ నేలను మెరకకు గోడా యనియు, నడిమి భూమికి బాద్ అనియు, పల్లమునకు బేడా యనియు వేర్వేరు పేర్లు పెట్టి, దేనికి తగిన పైరు దానిలో వేయుదురు. వానకాలపు వరియే ప్రధానమైన పంట. అది ఇంటికి చేరిన తరువాత, నీటివసతి గల చిన్న చెక్కలలో మాత్రమే వసంతమున పచ్చదనము కనబడును.

అట్టి చెక్కను ఒకదానిని మనస్సులో నిలుపుకొందము. రెండెకరముల నేల, ఒక బావి, ఒక జత ఎద్దులు, ఒక ఆవు, నాలుగు మునగచెట్లు, రెండు మామిడిచెట్లు, గట్టున ఒక ఇప్పచెట్టు. కృత్రిమమైన ఎరువు లేదు, మందు లేదు. ఫాల్గునము వచ్చుసరికి మోదుగులు పూచి గట్లన్నియు నిప్పంటుకొన్నట్లుండును. ఆవాలు, సెనగలు, అవిసెలు కళ్లము చేరియుండును. ఆ చేతనే రైతు ఆనప, బీర, కాకర, దోస పాదులు త్రవ్వి, అడుగున మాగిన పెంట వేసి గింజలు నాటును. బెండ విత్తును. శీతకాలమంతయు మాగిన ఎరువుకుప్పను తిరుగవేయును. ఎరువుగుంట యనగా చెత్తవేయు గోయి యని తలచువారు పొరబడుదురు. అది ఒక వంటశాల. పచ్చి ఆకు, ఎండు ఆకు, పేడ, కొంచెము మట్టి, తగినంత తడి, గాలి పాళముగా కుదిరినచో కుప్పలోపల వేడి చేయి పెట్టరానంతగా పెరుగును. ఆ వేడికే కలుపు గింజలు, ఈగల పిల్లలు నశించును. నశించును అను మాటను ఇచట గుర్తుంచుకొనవలెను.

ఎనిమిది పది దినములకు ఆనప, గుమ్మడి మొలకలు రెండేసి దళసరి ఆకులతో తలలెత్తును. వెనువెంటనే నారింజవన్నె గల గుమ్మడి పెంకుపురుగు వచ్చును. లేత బీజదళములనగా దానికి మిక్కిలి ప్రీతి. మొక్కకు రెండే ఆకులున్న ఆ దినములలో అది రెండు పూటలు మేసినచో పాదు మొత్తము పోవును. మందు వాడని రైతు తెల్లవారుజామున, చలికి పురుగులు ఎగురలేక మందముగానున్న వేళ, పాదుపాదునకు వంగి వానిని వ్రేళ్లతో ఏరి సబ్బునీటి ముంతలో వేయును. తరువాత మొక్కలపై కచ్చికబూడిద చల్లును. మునగచెట్ల మ్రానులపై గొంగళిపురుగులు గుంపులుగా చేరినచో దివిటీతో కాల్చును. మామిడిపూతపై తేనెమంచు పురుగు, బెండపై పేనుబంక కనబడినచో వేపగింజల కషాయము పిచికారి చేయును. వేపకషాయము విషము కాదని జనులనుకొందురు. మనుష్యునకు అంతగా కాదు, పురుగునకు అగును. అది పురుగును ఒక్కసారిగా చంపక, తిండి మాన్పించి, ఎదుగుదల చెడగొట్టి, మెల్లగా చంపును.

చైత్రవైశాఖములలో సాయంకాలపు గాలివాన, వంగదేశీయులు కాలవైశాఖి యనునది, ఒకటి రెండుసార్లు కురియగానే వేసవిదుక్కి దున్నవలెను. సేద్యపు పనులలో ఇంతకన్న మనోహరమైన దృశ్యము లేదనవచ్చును. తడిసిన ఎఱ్ఱమట్టి వాసన, నాగలి వెంట బారులుతీరిన కొంగలు, గోరువంకలు, ఎద్దు వీపునకెక్కి కూర్చున్న పసులపోలిగాడు. కవులు ఎందరో దీనిని చూచి ఆనందించియుందురు. కాని ఆ పక్షులు అచటి కేల వచ్చినవి? మట్టిలో గూడుకట్టి నిద్రించుచున్న పురుగులను నాగలి పైకి తేగా తినుటకై వచ్చినవి. పక్షి తినని వానిని ఎండ మాడ్చును. వేసవిదుక్కి ప్రయోజనమే అది. ఈ రైతు విషము ముట్టలేదు. అయినను ఫాల్గునమునుండి వైశాఖమువరకు అతడు చేసిన పనులలో చావుతో సంబంధము లేనిది ఒక్కటియు లేదు.

ధర్మవ్యాధుని కథను పాఠకులలో పెక్కురు వివేకానందస్వామి కర్మయోగ ప్రసంగముల మూలమున ఎరుగుదురు. అచట ఆ కథ స్వధర్మాచరణమునకు దృష్టాంతము. మహాభారతమున, అరణ్యపర్వమున, ఆ కథకు వేరొక పార్శ్వము కూడ కలదు. తెలుగున ఎఱ్ఱన పూరించిన భాగమున ఆ ఉపాఖ్యానమున్నది. తపస్సుచే గర్వించిన కౌశికుడు మిథిలానగరమున మాంసపుటంగడి ముందు నిలిచి, ఇంతటి జ్ఞానికి ఇంతటి ఘోరకర్మమేల యని ప్రశ్నించును. వ్యాధుడు తన వృత్తిని మంచిదని సమర్థించుకొనడు. అది ఘోరమే యని ఒప్పుకొనును. ఒప్పుకొని, ప్రశ్నను ప్రశ్నించినవానివైపే త్రిప్పును. సేద్యము సాధువృత్తి యని లోకులు తలచుచున్నారే, నాగళ్లతో దున్నువారు భూమిలోని ప్రాణులను ఎన్నింటిని చంపుచున్నారు? ధాన్యపు గింజలలో మాత్రము జీవము లేదా? నడచువాడు పాదముల క్రింద ఎన్నింటిని త్రొక్కుచున్నాడు? నీటిలో, గాలిలో ప్రాణులు నిండియుండగా, ఈ లోకమున చంపనివాడెవడు?

మనుస్మృతి మరింత క్లుప్తముగా, ఇనుపమొన గల కొయ్య భూమిని, భూమిలోని ప్రాణులను గాయపరచునని చెప్పును. అదే స్మృతి గృహస్థుని యింట ఐదు వధ్యస్థానములను లెక్కించినది: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వాని దోషపరిహారమునకే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. జైనులు ఈ తర్కమును కడముట్ట నడపిరి. వారి శ్రావకులలో పెక్కురు సేద్యము విడిచి వాణిజ్యమున ప్రవేశించుటకు ఇది యొక కారణము. బౌద్ధభిక్షువులకు నేలను త్రవ్వుటయే నిషిద్ధము. వానకాలమున మొలకలను, సూక్ష్మప్రాణులను త్రొక్కకుండుటకై వారు ఒకేచోట నిలిచి వర్షావాసము చేయుదురు.

ఇవి యన్నియు పూజ్యములైన నియమములు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. నేలను త్రవ్వని భిక్షువు భిక్షాపాత్రలో పడు అన్నము ఎవరో త్రవ్విన నేలలో పండినదే. కాషాయము ధరించి మాధుకరముతో జీవించువాడును ఈ లెక్కకు వెలుపలివాడు కాడు. దున్నినవాడొకడు, తిన్నవాడొకడు అయినంతమాత్రమున చంపిన దోషమంతయు దున్నినవాని యొడిలోనే పడవేయుట ధర్మము కానేరదు. ధర్మవ్యాధుని ప్రశ్నలోని వాడి అంతయు ఇదియే. తపస్వి ఆ ప్రశ్నను విని తన పాత్రవంక చూచుకొనవలసియున్నది.

అయినచో మరియొకవైపునుండి ఆక్షేపము వచ్చును. అన్ని పనులలోను హింస యుండగా, వ్రేళ్లతో ఏరి ముంతలో వేసిన పురుగునకును, మందు పిచికారితో చచ్చిన పురుగునకును భేదమేమి? చావు చావే కదా. హింసను తప్పించుకొనలేని రైతు ఎక్కువ ఫలించు మార్గమును ఏల విడువవలెను? ఈ వాదమును వినినవారు తరచుగా తొట్రుపడి, “మా పద్ధతిలో తక్కువ చచ్చును” అని బదులు చెప్పుదురు. లెక్కలు పెట్టి చూచినచో అది నిజము కావచ్చును. కాని అది సరియైన సమాధానము కాదు. సంఖ్యపై ఆధారపడిన ధర్మము, సంఖ్య మారగానే మారును.

సరియైన సమాధానమునకు దారి యోగసూత్రములలో కలదు. సాధనపాదమున పతంజలి అహింసాది యమములను చెప్పి, జాతి, దేశము, కాలము, సమయము అను వానిచేత పరిమితము కానప్పుడు అవి మహావ్రతమగునని వాక్రుచ్చెను. వ్యాసభాష్యము దీనిని విశదపరచుచు, పరిమితమైన అహింసకు ఉదాహరణములిచ్చును. జాలరి చేపలను తప్ప మరి దేనిని చంపడు; అది జాతిచేత పరిమితము. తీర్థమున చంపనను నియమము దేశముచేత, చతుర్దశినాడు చంపనను నియమము కాలముచేత, ఫలానా ప్రయోజనమునకు తప్ప చంపనను నియమము సమయముచేత పరిమితములు. ఈ వాక్యములను సాధారణముగా మహావ్రతముయొక్క ఔన్నత్యమును తెలుపుటకే చదువుదురు. మరల చదువదగినది ఆ జాలరిని గురించిన మాట. భాష్యకారుడు అతనిని తరిమివేయలేదు. వల చేతపట్టిన ఆ మనుష్యుని నియమమునకు కూడ అహింస అను పేరే యిచ్చి, దానికి ఎల్ల యెక్కడ నున్నదో మాత్రము చూపించెను. పరిమితమైన అహింస దొంగ అహింస కాదు. ఎల్ల గల అహింస. ఎల్లను ఎరిగినవాడు దానిని ముందునకు జరుపగలడు. ఎల్లయే లేదనుకొనువాడు ఒక్క వ్రేలెడంతయు జరుపలేడు.

పురుగుమందులో లోపించినది ఈ ఎల్లయే. వ్రేళ్లతో ఏరువాడు ఏ పురుగును చంపుచున్నాడో చూచుచున్నాడు; ఎన్ని చంపెనో అతని ముంతయే చెప్పును; ముంత నిండగానే అతని నడుము నొప్పి అతనిని ఆపును. మందునకు చూపు లేదు. పెంకుపురుగును, పెంకుపురుగును తిను సాలెపురుగును, పూవుపై వ్రాలిన తేనెటీగను అది ఒకే తీరున ముట్టును, అంతటితోను ఆగదు. 1984 డిసెంబరులో భోపాలునగరమున ఒక్క రాత్రిలో వేలమంది మరణించినది పురుగుమందు తయారుచేయు కర్మాగారమునుండి వెలువడిన వాయువుచేతనే. వారిలో పెక్కురు ఆ మందు చల్లిన చేనును ఎన్నడును చూచియుండరు. 1997-98లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తిపంటను పురుగు తినివేయగా, ఎన్ని మందులు చల్లినను అది చావకపోగా, అప్పుల బాధకు తాళలేక రైతులు వందలకొలది ప్రాణములు తీసుకొనిరి. పెక్కురు త్రాగినది ఆ మందునే. పురుగును చంపలేని విషము రైతును చంపినది. ఇంతటి దుఃఖమును ఒక తర్కమునకు సాధనముగా వాడుట కఠినమే. కాని ఈ ప్రశ్న పండితుల వినోదమునకు పుట్టినది కాదని తెలియుటకు దీనిని స్మరింపక తప్పదు.

ఆ జిల్లాలోనే ఏనెబావి యను చిన్న ఊరివారు తమ నేలలన్నింటిలోను రసాయనములు పూర్తిగా విడిచి, 2006లో ఆ సంగతి ప్రకటించుకొనిరి. అట్టి ఊళ్లలో సాగిన పద్ధతులను చూచినచో పైన చెప్పినది మరింత స్పష్టమగును. పక్షులు వాలుటకు చేనిలో కొయ్యలు పాతుదురు. రెక్కపురుగులను ఆకర్షించుటకు రాత్రులు మంటలు వేయుదురు. ఆముదము, బంతి చుట్టును నాటి పురుగును అచటికి మరల్చి, గ్రుడ్లను ఏరి నలుపుదురు. మంటలో పడిన పురుగు మరణించును. కొయ్యపై వాలిన పక్షి పురుగును తినును. చంపు పని పక్షికి అప్పగించి తన చేయి కడుగుకొంటినని రైతు అనుకొనరాదు. కొయ్య పాతినది అతడే. ఈ రైతులు చంపుట మానలేదు. తమ కంటికి అందని చోట, తమకు తెలియని వానిని చంపుట మానిరి. భాష్యకారుని పట్టికలో లేని ఎల్ల యొకటి ఇచట కలదు. దానిని సాధనముచేత పరిమితమైన అహింస యనవచ్చును: ఫలానా పనిముట్టుతో మాత్రము చంపను.

ఆల్బర్ట్ హోవార్డ్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1905లో భారతదేశమునకు వచ్చి, పూసాలోను, పిదప ఇందూరులోను ఇరువదియేండ్లకు పైగా పరిశోధించి, ఎరువు మాగబెట్టు పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టినవాడు. అతడు ఇచటి రైతులను, పైరులను పట్టు పురుగులను తనకు ఆచార్యులుగా ఎంచుకొన్నట్లు వ్రాసికొనెను. పురుగు పట్టినదనగా, నేలలోనో విత్తులోనో లోపమున్నదని అది చెప్పుచున్నదని అతని భావము. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తేనెటీగను, మిడుతను, సాలెపురుగును గురువులుగా స్వీకరించిన కథ ఎరిగినవారికి ఈ మాట వింత గొల్పదు. గురువును ముంతలో ముంచవలసివచ్చుట మాత్రము వింతయే. ఆ వింతను రైతు ప్రతి ఉదయమును అనుభవించుచున్నాడు.

న్యాయముగా విచారించువారు మరియొక ఆక్షేపమును కూడ వినవలెను. రసాయనములు విడిచిన సేద్యమున, పెక్కుపైరులలో, దిగుబడి కొంత తగ్గును. తగ్గినదానిని పూరించుటకు నేల మరింత కావలెను. ఆ నేల ఎచటినుండి వచ్చును? దల్మాకొండల చుట్టు ఈ ప్రశ్న కేవలము ఊహ కాదు. అచటి అడవిలో ఏనుగులున్నవి. పంటకాలమున వరిచేలకు, వసంతమున ఇప్పపూల వాసనకు అవి పల్లెలలోనికి దిగును. చేలు నాశనమగును, మనుష్యులు మరణింతురు, ఏనుగులు మరణించును. అడవి ఇంకొక ఎకరము తగ్గినచో ఈ వైరము ఇంకొక ఎకరము పెరుగును. కావున ఒక చెక్కలో పురుగుపై చూపిన దయ, మరియొకచోట ఏనుగుపై క్రౌర్యముగా పరిణమింపవచ్చును. దీనికి సులభమైన బదులు లేదు. ఎరువును శ్రద్ధగా మాగబెట్టి దిగుబడిని నిలుపుకొనుట, ఉన్న నేలనే మూడు అంతరువులుగా వాడుకొనుట, పండినది వ్యర్థము కానీకుండుట అను మార్గములు కలవు. అవి అన్నియు కష్టసాధ్యములు. తైత్తిరీయము అన్నమును వృద్ధిచేయుటను సలహాగా గాక వ్రతముగా విధించుటకు కారణము ఈ కష్టమే కావచ్చును.

దల్మా దిగువ సంతాలుపల్లెలలో ఫాల్గునమున బాహా పర్వము జరుగును. బాహా యనగా పువ్వు. హో జాతివారికిని ఇట్టి పూలపండుగయే కలదు; ముండాలు, ఉరావులు జరుపుకొను సర్హుల్ కూడ ఇట్టిదే. ఉరావులు దానిని భూమికిని సూర్యునికిని జరుగు వివాహముగా భావింతురు. సాలవృక్షము పూచినది, ఇప్ప మొగ్గ తొడిగినది. అయినను పండుగ జరుగువరకు ఎవరును కొత్తపువ్వును తలలో తురుముకొనరు, ఇప్పపువ్వును నోట వేసికొనరు. గ్రామ పురోహితుడగు నాయకె జాహేర్ అను పవిత్రవనమున దేవతలకు ఆ పూలను ముందుగా సమర్పించును. అటుపిమ్మట ఇంటింట పూలు పంచబడును. స్త్రీలు కొప్పులలో, పురుషులు చెవులపై వానిని ధరింతురు. మరునాడు ఒకరిపై ఒకరు నీళ్లు చల్లుకొందురు. ఆ జాహేరులోని సాలవృక్షములపై గొడ్డలి పెట్టరాదు.

ఈ పర్వమున కోళ్లను బలియిత్తురు. ఆ సంగతి దాచి, దీనిని అహింసాపర్వమని వర్ణించుట సత్యము కాదు. కాని భాష్యకారుని కొలబద్దతో చూచినచో ఇచట ఏమి కనబడుచున్నది? పండుగ కానిదే కోయననుట కాలముచేత పరిమితమైన నియమము. జాహేరులో నరకననుట దేశముచేత పరిమితమైన నియమము. తీర్థమును గూర్చి, చతుర్దశిని గూర్చి భాష్యమున చెప్పబడినదే, ఆ పేరు ఎన్నడును విననివారు అడవి యంచున ఆచరించుచున్నారు. ఆకలిగొన్న యేట కూడ, ఎదుట రాలిన పూవును ముట్టక వేచియుండుట చిన్న తపస్సు కాదు. తెలుగుదేశపు మన్యములలో సవరలు, కోయలు జరుపు కొత్తల పండుగలకును మూలమిదియే; కొత్త మామిడి, కొత్త చిక్కుడు దేవతకు చూపనిదే వారు తినరు. ఉగాదినాడు వేపపూవు, కొత్త మామిడి, కొత్త చింతపండు కలిపి నివేదించిన పచ్చడిని తిను జంషెడ్‌పూరు తెలుగువారు, తమ పొరుగు పల్లెలవారిని పరాయివారిగా తలచుటకు కారణమేమియు లేదు. పొరుగున ఒడిసాలో మిథునసంక్రాంతికి రజపర్వమున మూడుదినములు నాగలి కట్టరు. భూదేవికి విశ్రాంతి యని భావింతురు.

ముండాలలో అసురులను గూర్చిన ప్రాచీనగాథ యొకటి కలదు. శరత్‌చంద్రరాయ్ 1912లో ప్రకటించిన గ్రంథమున అది విస్తరముగా నున్నది. అసురులు ఇనుము కరగించువారు. వారి కొలుములు రేయింబవళ్లు మండుచుండగా ఆ వేడికి చెట్లు చేమలు వాడి, జీవరాశి తల్లడిల్లెను. సింగ్‌బోంగా, అనగా సూర్యరూపుడగు పరమేశ్వరుడు, పక్షులచేత వారికి కబురు పంపెను. ఇనుము చేయవద్దని కాదు. పగలో రాత్రియో ఒక పూట కొలుములను ఆపుడని. వారు వినలేదు, తుదకు తమ కొలుములలోనే నశించిరి. ఆ గ్రంథము వెలువడిన యేడే జంషెడ్‌పూరులో మొదటి ఉక్కు పుట్టుట కేవలము కాకతాళీయము. బ్రహ్మాండమైన ఊదుకొలిమిని పూటపూటకు ఆర్పి వెలిగించుట సాధ్యము కాదని యంత్రజ్ఞులందరును ఎరుగుదురు. నాగలికర్రు మొదలు మనుష్యుడు ఇనుము లేక బ్రతుకనులేడు. అయినను ఆ గాథ అడిగినది ఇనుమును మానుమని కాదనుట గమనింపదగినది. అది అడిగినది ఒక పూట విరామము.

ఇక రైతు మనస్సునకు కలుగు అపాయమును గూర్చి. నేడు పట్టణములలో సేంద్రియపంట యని పేరుపెట్టి అమ్మినదానికి వెల ఎక్కువ. కొనువాడు ఆరోగ్యముతోపాటు కొంత పుణ్యమును కూడ సంచిలో వేసికొనిపోవుచున్నానని తలచును. అమ్మువాడు ఆ తలపును పోనీయడు. విషముకన్న సూక్ష్మమైన మలినము ఇచట ప్రవేశించుచున్నది. తాను శుద్ధుడనను రైతు, మందు చల్లిన పొరుగువానిని పాపిగా చూడసాగును. ఆ పొరుగువాడు వడ్డీకి అప్పు తెచ్చి, ఆడపిల్ల పెండ్లి నెత్తిన పెట్టుకొని, ఒక్క పంట పోయినను తట్టుకొనలేని స్థితిలో నున్నాడేమో. కౌశికునకు తపశ్శక్తి ఎట్టి అడ్డమయ్యెనో, ఇతనికి సేంద్రియసేద్యము అట్టి అడ్డమగును. గీతలో, తృతీయాధ్యాయమున, యజ్ఞశేషమును భుజించువారు దోషవిముక్తులగుదురనియు, తమకొరకే వండుకొనువారు పాపమునే భుజింతురనియు చెప్పబడినది. అచట వంట దోషరహితమైనదని చెప్పబడలేదు. దోషము కలదు, కావుననే తినుటకు ముందు ఇచ్చుట విధింపబడినది. తెల్లవారి లేచి నేలపై పాదము మోపుటకు ముందు భూదేవిని క్షమాపణ వేడు ఆచారము మన యిండ్లలో కలదు. క్షమాపణ వేడినంతమాత్రమున పాదముక్రింది ప్రాణి బ్రతుకదు. వేడినవాడు మాత్రము, ఆ దినమంతయు, కొంచెము చూచి నడుచును.

మన రెండెకరముల చెక్క గట్టున నున్న ఇప్పచెట్టు కడ ఈ విచారమంతయు చైత్రమాసపు పనిలో ఒకటిగా ఎదురగును. ఇప్పపూలు తెల్లవారుజామున రాలును. ఎండ యెక్కకముందే ఏరవలెను. అప్పటికే చెట్టుక్రింద ఎండుటాకు మోకాలివరకు పేరుకొనియుండును. దానిలో పూవు కనబడదు. పెక్కుచోట్ల జనులు ఆకునకు నిప్పుపెట్టి నేలను శుభ్రము చేయుదురు. ఒక అగ్గిపుల్ల, అరగడియ కాలము. ఆ నిప్పు గాలికి ప్రాకి అడవి నంటుకొనుటయు, దల్మావంటి కొండలపై వేసవిరాత్రులలో మంటలు బారులుతీరి కనబడుటయు అచటివారికి కొత్త కాదు. దానిలో మాడునవి బల్లులు, పాములు, నేలపై గూడుపెట్టిన పక్షుల పిల్లలు, సాలవృక్షపు లేతమొక్కలు.

రెండవ మార్గము చీపురు. చెట్టుక్రింద ఊడ్చుటకు ఒక పూట పట్టును. ఊడ్చినంతమాత్రమున పని ముగియదు. మరునాటికి మరల కొంత ఆకు రాలియుండును. చీపురును మనువు వధ్యస్థానములలోనే చేర్చెనుగదా. ఊడ్చునప్పుడును చీమలు చచ్చును. కొందరు చెట్టుక్రింద పాతచీరలో, వలలో పరచి పూలను వానిలో పట్టుదురు. అప్పుడు ఊడ్పు కొంత తగ్గును. ఊడ్చిన ఆకును తట్టలకెత్తి ఎరువుగుంటకు చేర్చి, పేడనీళ్లు చల్లి, మట్టి కప్పవలెను. ఆషాఢమున వరినారు పోయునాటికి అది సగము మాగియుండును. మిగిలినది మరుసటి ఫాల్గునమున ఆనపపాదులకు వచ్చును.